లాకుపేట పోయినవాళ్ల ఉపవాస కూడిక

సమాధుల తోట కాలవలో కలిసిపోయాక, లాకుపేటలో చనిపోయిన క్రైస్తవులు మర్నాడు పొద్దున్నే లేచి మామూలుగా పనుల్లో పడుతున్నారు.

ఇందులో వింతేమీ లేదు. కాలవ వెడల్పు చేసినప్పుడు తోట సగం నీళ్లలో పోయింది. మిగతా సగం మీద రోడ్డు వేశారు. పేట మొత్తం కాలవ కట్ట మీద ఉంది. కట్ట తవ్వితే ఇళ్లు జారతాయి. కట్ట దిగితే ఊరివాళ్ల పొలాలు. పొలంలోకి కూలికి దిగొచ్చు గాని పూడ్చడానికి దిగకూడదు.

భూస్థాపన ప్రార్థనలో ఒక చోట పాస్టరు ఆగాలి. అక్కడ అయినవాళ్లు తలా గుప్పెడు మట్టి వేస్తారు. మట్టి పడ్డాకే చివరి మాటలు చదవాలి. పెద్దల నాటి నుంచీ అది పద్ధతి. గొయ్యే లేనప్పుడు మట్టి ఎక్కడ వేస్తారు. పాస్టరు నతానియేలు గారిని పేటలో అయ్యగారు అంటారు. ఆయన పద్ధతి తప్పే మనిషి కాదు. అక్కడికి వచ్చేసరికి పుస్తకం మూసేసి, తక్కింది చోటు దొరికాక చదువుకుందాం అనేవారు. ప్రార్థన సగంలో ఆగింది కాబట్టి చావు కూడా సగంలో ఆగేది. పెట్టెలో మనిషి కాసేపు చూసి, ఎవరూ ఏమీ అనకపోతే లేచి కూర్చునేవాడు. పెట్టె వడ్రంగికి తిరిగి ఇచ్చేసేవాళ్లు.

పోయినవాళ్లు ఆదివారం గుడికి వచ్చేవారు. మొదట్లో అందరితో కలిసే కూర్చున్నారు. పక్కన చల్లగా తగులుతోందని కొందరు అన్నారు. సంఘ పెద్దలు ఆలోచించి, వెనక కిటికీ దగ్గర వేరే చాప వేయించారు. బల్ల ఆరాధనలో వాళ్లకి రొట్టె ఇవ్వాలా వద్దా అని రెండు వారాలు మాట్లాడుకున్నారు. ఇవ్వనక్కర్లేదు, ఆమెన్ మాత్రం చెప్పొచ్చు అని తేల్చారు. కానుక సంచి వాళ్ల ముందు ఆగకుండా పోయేది. అందుకు బతికున్నవాళ్లలో కొంతమందికి కడుపుమంట.

రేషను బియ్యం దగ్గరా ఇబ్బంది రాలేదు. వేలిముద్ర మిషను పోయినవాళ్ల వేలు తీసుకోదు. నాట్లు వేసీ కలుపు తీసీ అరిగిపోయిన బతికున్నవాళ్ల వేళ్లూ తీసుకోదు. అందుకని డీలరుకి ఎవరు ఎవరో పట్టింపు లేకపోయింది.

ఈ పోయినవాళ్లలో దీనమ్మ ఒకతి. మినుము పీకుతూ చేలో పడిపోయింది. ఆమెకి ఒకటే బాధ. పోయినవాళ్లు పడుకోలేరు. మంచం మీద వాలినా నేల మీద వాలినా ఒళ్లు ఆనదు. మట్టి లోపలైతేనే ఆనుతుంది. బతికినన్నాళ్లూ వంగి పని చేసిన నడుము ఆమెది. చచ్చాకైనా దాన్ని వాలుద్దామనుకుంది. అదీ కుదరక గోడకి చేరగిలబడి కూర్చునేది.

సమాధుల చోటు కోసం అర్జీ పెట్టే పని సంఘం దీనమ్మ మొగుడు జకరయ్యకే అప్పజెప్పింది. అతను బతికే ఉన్నాడు. సంఘ పెద్ద. సోమవారం సోమవారం తెల్లచొక్కా తొడుక్కుని మండలాఫీసుకి బయలుదేరేవాడు. సాయంత్రానికి తిరిగొచ్చి, సారు లేడనేవాడు. ఇంకో వారం, సారు ఉన్నాడు గాని మీటింగులో ఉన్నాడనేవాడు. సంఘం ఆ మాట నమ్మింది. ఆఫీసుల సంగతి అందరికీ తెలిసిందే.

దీనమ్మ నమ్మలేదు. ఒక సోమవారం అతను చెప్పులు విప్పుతుంటే అడిగింది.

"సారు లేడా ఇయ్యాల?"

"లేడు."

"నువ్వే ఎల్లలా. టీ కొట్టుకాడ కూకున్నావంట. పాటల రిబ్కమ్మ చూసింది."

జకరయ్య చెప్పులు గోడకి చేర్చి పెట్టాడు. తర్వాత అన్నాడు.

"చోటిస్తే నువ్వు ఎల్లిపోతావు గదే."

"నేనెప్పుడో ఎల్లిపోయా. ఈ నడువొక్కటే మిగిలింది. దాన్నన్నా వాల్చుకోనీయవా?"

మర్నాడు సోమవారం కాదు. అయినా జకరయ్య తెల్లచొక్కా తొడుక్కున్నాడు. పోయినవాళ్లందర్నీ వెంటబెట్టుకుని దీనమ్మ ముందు నడిచింది.

ఆఫీసులో గుమాస్తా మర్యాదస్తుడు. అందర్నీ నీడకి రమ్మన్నాడు. అర్జీ చదివాడు. శ్మశానానికి భూమి ఇవ్వాలంటే శవాలు ఉండాలని, ఇక్కడ అందరూ నిలబడి ఉన్నారని, బతికున్నవాళ్లకి శ్మశానం ఇచ్చే రూలు లేదని నెమ్మదిగా వివరించాడు.

"మేం పోయినోళ్లమేనండి" అంది దీనమ్మ.

"పోయినోళ్లు అర్జీ పెట్టడానికి లేదమ్మా. ఉన్నోళ్లే పెట్టాలి."

"ఉన్నోళ్లు పెడితే?"

"ఉన్నారు గదా, తొందరేంటంటాం."

రెండు మాటలూ నిజమే అయినందువల్ల ఎవరూ గొడవ పెట్టుకోలేదు. పైగా మండలంలో ఖాళీ భూమి బెత్తెడు కూడా లేదని గుమాస్తా చెప్పాడు. అందరికీ వందనాలు చెప్పి బయటికొచ్చారు.

అవి శ్రమల దినాలు. ఈస్టరుకి ముందు ఉపవాసాలు ఉండే రోజులు. ఏటా ఆ రోజుల్లో స్త్రీల సమాజం గుళ్లో ఉపవాస కూడికలు పెట్టుకుంటుంది. సమాజానికి పెద్ద రిబ్కమ్మ. గొంతున్న మనిషి. మైకు పాడైతే ఆవిడ చాలని అయ్యగారే అనేవారు. ఈ ఏడు కూడిక గుళ్లో వద్దు, మండలాఫీసు గేటు ముందు పెడదాం అని ఆవిడ అంది. దేవుడు గుళ్లోనే వింటాడని ఎక్కడా లేదంది.

గేటు ముందు చాపలు పరిచారు. పాటలు పాడారు. మోకరించారు. పద్ధతి ప్రకారం బతికున్నవాళ్లు సాయంత్రానికి లేచి నీళ్లు తాగి ఇళ్లకి పోయి తిన్నారు. పోయినవాళ్లకి ఇళ్లకి పోయే పనీ లేదు, తినే పనీ లేదు. అక్కడే ఉండిపోయారు. మర్నాడూ ఉన్నారు. ఆ మర్నాడూ ఉన్నారు. ఎవరి మొహమూ వాడలేదు. పాట శ్రుతి కూడా తగ్గలేదు.

కాపలా కానిస్టేబులుకి జాలేసింది. దీనమ్మ దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"ఏదన్నా కాస్త తినమ్మా. ఇట్టా ఉంటే పోతారు."

"ఆ గండం గడిచిందిలే అయ్యా" అంది దీనమ్మ.

ఆఫీసు ముందు ఎవరైనా అన్నం మానేసి కూర్చుంటే డాక్టరు వచ్చి చూడాలి. అది రూలు. డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, ఓపికగా చూసింది. దీనమ్మ చెయ్యి పట్టుకుంది. నాడి దొరకలేదు. రెండో చెయ్యి పట్టుకుంది. గుండె మీద గొట్టం పెట్టింది. గొట్టం పాడైందేమోనని కానిస్టేబులు గుండె మీద పెట్టి చూసింది. అక్కడ బాగానే కొట్టుకుంటోంది. చాప మీద ఉన్నవాళ్లందర్నీ వరసగా చూసింది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి, ఉపవాసం ఉన్నవాళ్లంతా చనిపోయారని తాసిల్దారు గారికి చెప్పింది.

తాసిల్దారు గారికి చెమటలు పట్టాయి. కిటికీలోంచి పాట వినపడుతోంది. అది ఆయనకి ఊరట కాలేదు. తన గేటు ముందు అన్నంలేక ఇంతమంది పోయారంటే ఉద్యోగం ఉండదు. ఆయన బయటికి పరుగెత్తుకొచ్చి, ఎప్పుడు పోయారమ్మా మీరు అని అడిగాడు. దీనమ్మ తను మినుముల కాలంలో పోయానని చెప్పింది. మిగతావాళ్లు ఎవరెవరు ఎప్పుడు పోయారో చెప్పారు. కొందరు ఆయన రాకముందు ఇద్దరు తాసిల్దార్ల నాడు పోయినవాళ్లు.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. వీళ్లంతా ముందే పోయారు, ఉపవాసానికీ వీళ్ల చావుకీ సంబంధం లేదు అని అక్కడికక్కడే తన చేత్తో రాసి పైకి పంపాడు. పంపాక కుర్చీలో కూలబడ్డాడు. వాళ్లు పోయినవాళ్లని తనే రాశాడు. పోయినవాళ్లని పూడ్చకుండా మండలంలో తిరగనిస్తున్నానని కూడా తనే రాసినట్టయింది. పైనుంచి ఆ ప్రశ్న రాకముందే భూమి కావాలి.

బెత్తెడు లేదన్న భూమి మధ్యాహ్నానికి ఎకరం దొరికింది. మురుగు కాలవకి అవతల, మెరక నేల. ఎప్పటినుంచో అక్కడే ఉంది.

గేటు దగ్గర ఈ మాట చెప్పినప్పుడు రిబ్కమ్మ పాట ఎత్తుకుంది. బతికున్నవాళ్లూ పోయినవాళ్లూ కలిసి చప్పట్లు కొట్టారు. కానిస్టేబులు కూడా కొట్టాడు. జకరయ్య చప్పట్లు కొట్టలేదు. దీనమ్మ చెప్పులు వెతికి ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

ఈస్టరు నాడు తెల్లవారుజామున పేట కదిలింది. అందరూ తెల్లబట్టలు కట్టారు. డప్పులు కొట్టారు. మోయాల్సిన పెట్టెలు లేవు. పోయినవాళ్లు తమ కాళ్ల మీదే నడిచారు. ఊరి నడివీధిలోంచి వెళ్లారు. మామూలుగా శవాన్ని ఆ వీధిలోంచి పోనివ్వరు. శవాలు నడిచి వెళ్తే ఆపాలో లేదో ఊరి పెద్దలకి తోచలేదు. తోచేలోగా ఊరేగింపు దాటిపోయింది.

ఆ పొద్దు లోకమంతా ప్రభువు సమాధి ఖాళీ అయిందని పండగ చేసుకుంటోంది. లాకుపేట మాత్రం సమాధులు నిండాయని చేసుకుంది. అయ్యగారు ఒక్కొక్కరి దగ్గరా పుస్తకం తెరిచి, ఆగిన చోటునుంచి చదివారు. ఒక్కొక్కరూ గొయ్యిలోంచి ఎవరి ఆమెన్ వాళ్లే చెప్పుకున్నారు.

దీనమ్మ దిగి వెల్లకిలా పడుకుంది. కాళ్లు చాపింది. నడుము నేలకి ఆనింది.

"ఎట్టా ఉందే?" అన్నాడు జకరయ్య.

"మెత్తగా ఉంది. ఇంక ఎయ్యి."

అతను గుప్పెడు మట్టి వేశాడు. ఆమె కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు. రిబ్కమ్మ పాట కాలవ అవతలి ఊరిదాకా వినపడిందంటారు.

తాసిల్దారు గారు కూడా పండగకి వచ్చారు. అయ్యగారు ఆయనకి పూలదండ వేశారు. సర్వేయరు ప్రతి గొయ్యి దగ్గరా రాయి పాతి, పేరు రాయించాడు. లాకుపేటలో ఒక మనిషి పేరు మీద భూమి ఉండటం ఇదే మొదలని తాసిల్దారు గారు అన్నారు. అందరూ సంతోషపడ్డారు. అప్పుడు మోషే అనే కుర్ర కూలీ లేచాడు. కట్ట మీద ఉన్నవాళ్లకి ఇళ్ల స్థలాలు ఎప్పుడిస్తారని మర్యాదగా అడిగాడు.

"మీ పెద్దాళ్లకి వచ్చింది గదయ్యా" అన్నారు తాసిల్దారు గారు. "అదే వరసలో మీకూ వస్తది."

అందులో తప్పేమీ ఎవరికీ కనపడలేదు. అయ్యగారు ఆమెన్ అన్నారు. సంఘమంతా గట్టిగా ఆమెన్ అంది.

జకరయ్య భుజం మీద తువ్వాలు తీసి, దీనమ్మ పక్కన ఖాళీ నేల మీద పరిచాడు. బస్సులో సీటుకి వేసినట్టే వేశాడు. అది చూసి రిబ్కమ్మ తన పాటల సంచి ఇంకో చోట పెట్టింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. చెప్పులు పెట్టినవాళ్లు చెప్పులు పెట్టారు. టిఫిను గిన్నెలు పెట్టినవాళ్లు గిన్నెలు పెట్టారు. తోపులాట లేకుండా, నవ్వుకుంటూ, ఒకరికొకరు చోటు వదులుకుంటూ పెట్టారు. మోషే తన కండువా వేశాడు. అతని భార్య చంకలో పిల్ల నిద్రపోతోంది. ఆమె నెమ్మదిగా పిల్ల నెత్తిమీద టోపీ తీసి, ఎండ పడని చోటు చూసి, అక్కడ పెట్టింది.