నిలబడిన నురగ

ఆ శుక్రవారం పొద్దున అరబ్బు దేశంలో, ఉమ్ సలాల్‌లోని విల్లా వెనక గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు: విల్లా కారు నడిపే తిరుపాలు, అదే విల్లాలో వంట చేసే అతని భార్య ఆంజనమ్మ, సెలవని కూలీల క్యాంపు నుంచి వచ్చిన స్నేహితుడు నగేష్, స్నానాలగదిలో ఒక నీలం క్యాను. క్యాను మనిషి కాదు గానీ, నిద్ర లేవగానే తిరుపాలు భార్య కంటే ముందు దాన్నే పలకరించేవాడు.

ఆ క్యానులో బీరు పులుస్తోంది. ఆ దేశంలో అది నేరం. సంగతి విల్లా యజమానురాలు మేడమ్ జకియాకు తెలిసిందా, మొగుడూ పెళ్ళాలిద్దరూ విమానమెక్కి సొంతూరు రాయచోటి చేరుకోవలసిందే. ఆ భయం ఆంజనమ్మది. తిరుపాలు బాధ వేరు. పోయినసారి నగేష్ ఒక గుక్క తాగి, గ్లాసును వెలుతురుకు పట్టి చూసి అన్న మాట అతన్ని ఇంకా పొడుస్తూనే ఉంది.

"నురుగేదన్నా? గిది బీరా, జరమొచ్చినోళ్ళకు పోసే బార్లీ నీళ్ళా?"

అప్పటి నుంచి తిరుపాలుకు నురగ తప్ప వేరే లోకం లేదు. ఊరంతా ప్రపంచకప్పు కోసం జెండాలు కడుతుంటే అతను గోధుమలు మొలకెత్తిస్తూ కూర్చున్నాడు. గోధుమ కలిస్తే నురగ నిలుస్తుందట. నూనె తగిలితే చస్తుందని ఇంట్లో బజ్జీలు మాన్పించాడు. గ్లాసుల మీద సబ్బు పడనివ్వకుండా వేడినీళ్ళతో తనే కడిగేవాడు. మూతి తుడుచుకోనిదే ఎవరినీ గ్లాసు ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇంత చేసినా, పోసిన నురగ చూద్దామని వంగేలోపే దిగిపోయేది. తిరుపాలు అన్నం కూడా సరిగా తినడం మానేశాడు.

ఆ దిగులు చూడలేకే ఆంజనమ్మ ఆ పని చేసింది. తలంటుకని నానేసిన కుంకుడుకాయలు పిసుకుతుంటే చేతినిండా తెల్లటి నురగ వచ్చింది. ఎంతసేపు చూసినా దిగలేదు. ఇదీ చేదే, బీరూ చేదే, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. తిరుపాలు కారు కడగడానికి వెళ్ళిన అదను చూసి చెంబెడు రసం క్యానులో పోసి, గరిటెతో ఒక తిప్పు తిప్పి, ఏమీ ఎరగనట్టు తలకు నూనె పెట్టుకుంటూ కూర్చుంది.

తిరుపాలు వచ్చి రెండు గ్లాసులు నింపాడు. నురగ నిలబడింది. అగ్గిపుల్ల గుచ్చితే, పుల్ల కూడా నిలబడింది.

"మేయ్! నిలబడిందిమే! గోదుమలు పనిచేసినాయి!"

"నీకు దండమే అన్నా," అన్నాడు నగేష్.

ఇద్దరూ గ్లాసుల్ని గూట్లో పెట్టి దేవుణ్ణి చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. వెనక మూత తీసి ఉన్న క్యాను బుస్సుమంది. నురగ అంచు దాటి, స్నానాలగది దాటి, గదిలోకి వచ్చి గడప వైపు నడిచింది. నగేష్ కంగారుపడి దాని మీద బకెట్ నీళ్ళు గుమ్మరించాడు. అది రెండింతలయింది.

"నూనె పోస్తే చస్తాదని నువ్వే కదయ్యా అంటివి!" అంటూ ఆంజనమ్మ నూనె సీసా అందుకుంది.

తిరుపాలు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. "ఇన్నాళ్ళకు వచ్చిందిమే అది! కావాలంటే నన్ను చంపు, దాని జోలికి పోవద్దు!"

ఈ గొడవలో నురగ తలుపు కింద నుంచి పెరట్లోకి వెళ్ళిపోయింది. మ్యాచులకని పైదేశం నుంచి అక్కచెల్లెళ్ళు వస్తున్నారని మేడమ్ జకియా అక్కడే నిలబడి పూలకుండీలు సర్దిస్తోంది. నురగ వెళ్ళి ఆవిడ చెప్పుల దగ్గర ఆగింది.

"ఆంజనా! ఏష్ హాదా? ఏమిటిది?"

ఆంజనమ్మ తలుపు తీసింది. ఏం చెయ్యాలో తోచక చెయ్యి నూనె తల మీదికి పోయింది.

"షాంపూ మేడమ్. మా ఊరి షాంపూ."

మేడమ్ గాలి పీల్చింది. "షాంపూకి ఖుబూస్ రొట్టె వాసనేంటి?" అని అరబ్బీ, హిందీ కలిపి అడిగింది. తర్వాత కుళాయి గట్టు చూపించింది. "యల్లా. రుద్దుకో, చూస్తా."

ఆంజనమ్మ గట్టు మీద కూర్చుంది. నగేష్ క్యాను ఈడ్చుకొచ్చి చెంబుతో పోశాడు. చెంబు వంగినప్పుడల్లా తిరుపాలు గొంతులో ఒక గుటక కదిలింది. నూనె చుక్క మిగలకుండా పోయి, జుట్టు నల్లగా నిగనిగలాడుతూ భుజాల మీద పడింది. మేడమ్ పట్టుకుని చూసింది.

"జేన్! వాయిద్ జేన్! చాలా బాగుంది! ఇంకా ఉందా?"

"మాఫీ," అని తిరుపాలు లేదనబోయాడు.

"శానా ఉంది మేడమ్," అంది ఆంజనమ్మ.

అలా ఆ క్యానును తిరుపాలే భుజాన పెట్టుకుని విల్లాలోకి మోశాడు. ఆఖరి మ్యాచు అయిపోయేదాకా ప్రతి శుక్రవారం ఒక క్యాను కావాలని, అందులోకి ఏమేం కావాలో చెబితే విల్లా సరుకులతోపాటు తెప్పిస్తానని మేడమ్ అంది. విమానం తప్పింది. బీరూ తప్పింది.

తిరిగొచ్చేసరికి గూట్లో రెండు గ్లాసులూ పెట్టినట్టే ఉన్నాయి. నురగ ఇంకా దిగలేదు. ఇద్దరూ మూతులు తుడుచుకుని, ఎత్తిన గ్లాసు దించకుండా తాగేశారు.

"చేదు గట్టిగున్నదన్నా!" అన్నాడు నగేష్, తెల్లటి మీసంతో. "గిదీ బీరంటే!"

తిరుపాలుకు ప్రాణం లేచొచ్చింది. గడపవతల నిలబడి జుట్టు విదిలించుకుంటున్న భార్యను చూసి పకపకా నవ్వాడు. "షాంపూ అంట, షాంపూ! ఎంత అబద్ధమాడితివి మే! ఇంత తెలివి ఇన్నాళ్ళూ యాడ దాచినావు?"

"అబద్ధం యాడుండాదయ్యా?" అంది ఆంజనమ్మ. "చెంబెడు కుంకుడు రసం పోస్తి గదా."

నగేష్‌కు ఎక్కిళ్ళొచ్చాయి. ఎక్కిలితోపాటు ఒక బుడగ కూడా వచ్చి, కాసేపు గాలిలో తిరిగి పగిలిపోయింది. తిరుపాలు ఖాళీ గ్లాసు వైపు చూశాడు, భార్య జుట్టు వైపు చూశాడు, మెల్లగా లేచి వచ్చి ఆంజనమ్మ ముఖం మీదే తలుపు వేసేశాడు.

లోపల ఇద్దరూ పుక్కిలిస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. నీళ్ళు పోసేకొద్దీ అది పెరుగుతుందని వాళ్ళకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.