జర పావురం

ఆ సోమవారం దేవిక అనుకున్న పని చిన్నదే. పదింటికి సలహాల డబ్బా తెరవాలి, ఉద్యోగుల కోరిక ఒక్కటైనా సాయంత్రంలోగా తీర్చాలి, తీర్చినట్టు హైదరాబాద్ ఆఫీసుకు రాయాలి. మెదక్‌లోని ఆ ఫేస్‌క్రీముల కంపెనీకి ఆమె మేనేజరుగా వచ్చి నెల అయింది. సొంతూరు కాకినాడ. పని బాగా తెలుసు. మనుషులతో మాట్లాడేటప్పుడు మాత్రం చూపు ల్యాప్‌టాప్ మీదే ఉండేది.

డబ్బాలో పద్దెనిమిది చీటీలున్నాయి. పదిహేడింటిలో "అంతా మంచిగుంది" అని ఉంది. చివరిదానిలో, "మేడమ్ మస్తు పనిమంతురాలు. గని జర పావురం ఉంటే మంచిగుండు" అని ఉంది. జర అంటే కొంచెమని దేవికకు తెలుసు. కొంచెం పావురమంటే చిన్న పావురం కాబోలు అనుకుంది. పక్షులను చూస్తే పనిచేసేవాళ్ల అలసట తగ్గుతుందని ఏదో శిక్షణలో విన్నది కూడా.

ఆ చీటీ రాసింది ప్యాకింగ్‌లో పనిచేసే యాదలక్ష్మి. పోయిన వారం తల్లిని దవాఖానలో చేర్చి ఒక పూట సెలవడిగితే, దేవిక తలెత్తకుండానే యాప్‌లో పెట్టుకోమంది. యాప్‌లో తల్లి చనిపోతే సెలవు ఉంది. తల్లికి బాగాలేకపోతే లేదు. చీటీ మీద యాదలక్ష్మి పేరు రాయలేదు గాని, అట్టపెట్టెల మీద చిరునామాలు రాసేది ఆమే కాబట్టి ఆ చేతిరాత దేవికకు తప్ప అందరికీ తెలుసు.

ఇది ఎవరిదో చెప్పమని దేవిక సూపర్‌వైజర్ నవోమిని అడిగింది. ఏ రంగు పావురం కావాలో కనుక్కుందామని ఆమె ఉద్దేశం. నవోమి చీటీ చదివి, మేడమ్‌కు కోపం వచ్చిందనుకుని, తెలియదని అబద్ధమాడింది. బయటికొచ్చి, మేడమ్ నీకోసమే వెతుకుతున్నదని యాదలక్ష్మి చెవిలో వేసింది. యాదలక్ష్మి ఒకే పెట్టె మీద రెండుసార్లు చిరునామా రాసింది. ఈ ఉద్యోగం పోతే తల్లి మందులకు దారి లేదు. కాసేపట్లో చీటీలోని మాట హాలంతా పాకింది.

మధ్యాహ్నం దేవిక స్వయంగా బజారుకు పోయి రెండు బూడిదరంగు పావురాలను పంజరంలో తెచ్చింది. తెలియకుండానే సరిగ్గా యాదలక్ష్మి ఎదుటి కిటికీలో పెట్టి, అందరివైపూ చూసి నవ్వింది. ప్రేమ అడిగినందుకు మేడమ్ ఎగతాళి చేస్తున్నదని అందరికీ ఒకేసారి అర్థమైంది. పని ఆగిపోయింది. వాళ్ల ముఖాలు చూసి, పావురాలను బంధించడం నచ్చలేదు కాబోలని దేవిక పంజరం తలుపు తీసింది.

ఫ్యాన్లు ఆపేలోగా ఒక పావురం కలబంద క్రీము గంగాళంలో దిగింది. బూడిదరంగులో దిగి, కంపెనీ ప్రకటనలో చెప్పినంత తెల్లగా లేచింది. హాలంతా తిరుగుతూ రెక్కలు దులిపింది.

యాదలక్ష్మి ముఖం మీది క్రీము కొంగుతో తుడుచుకుని నేరుగా దేవిక ముందుకొచ్చి నిలబడింది.

"మేడమ్, ఆ చీటీ నాదే. తీసేస్తే తీసెయ్యుండ్రి. గని అందరి ముంగట గిట్ల మజాక్ చెయ్యకుండ్రి."

"మజాకా? మీరడిగారనే తెచ్చానండీ. చిన్నవి లేవన్నాడు, అందుకే పెద్దవి తీసుకున్నాను."

నవోమి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పావురమంటే పిట్ట అనుకున్నరా మేడమ్? మా దిక్కు పావురమంటే ప్రేమ."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. దేవిక నవ్వలేదు. కనురెప్పల మీద క్రీముతోనే యాదలక్ష్మిని కాసేపు చూసింది.

"మీ అమ్మగారికి ఎలా ఉందండీ?"

"పొద్దుగాల లేసి కూసున్నదట మేడమ్."

"మరి మీరిక్కడేం చేస్తున్నారు? వెళ్లండి. యాప్ సంగతి నేను చూసుకుంటాను."

గంగాళం కడిగేశారు. క్రీములో పడ్డ పావురం స్నానం చేయించుకుంది, ఆపైన రెండూ ఎవరికీ చెప్పకుండా చర్చి గోపురం వైపు వెళ్లిపోయాయి. యాప్‌లో ఇంకో రకం సెలవు చేర్చమని దేవిక ఆ సాయంత్రమే హైదరాబాద్‌కు రాసింది.

మర్నాటి నుంచి ఆమె ఒక్కొక్కరి దగ్గర కూర్చుని ఇంటి సంగతులు అడగసాగింది. వారం తిరిగేసరికి, సరుకు లారీ వచ్చే వేళయిందని మాటల్లో పడ్డ మేడమ్‌కు మర్యాదగా గుర్తుచేసే బాధ్యత యాదలక్ష్మికి అదనంగా పడింది.