మేసాపుర నారికేళ విజయము

స్వస్తి! సూర్యభగవానుడు తన సహస్ర కిరణములను ఒక్క ఊరిమీదనే ఖర్చుపెట్టుచున్న జూలై మాసమున, నూటపదిహేడు ఫారెన్‌హీటు డిగ్రీల ప్రచండాతపమున, కాకులు సైతము నోళ్లు తెరచుకొని కార్ల కింద దూరిన శనివారపు మధ్యాహ్నమున, అరిజోనా మరుభూమిని మేసా పట్టణమందు, ముప్పదియేండ్లు బడిబస్సు తోలి విశ్రమించిన వీరాగ్రేసరుడు, నారికేళద్వయ శోకసంతప్తుడు వర్లిన్ తన పెరటిలో మోకాళ్లపై కూలబడి యుండెను.

మొదటి కొబ్బరి మొక్క చలికి బలియయ్యెను, రెండవది ఎండకు. మూడవది మాత్రము మోకాలెత్తున, నాలుగాకులతో, శ్వేతచ్ఛత్రము కింద మహారాజువలె నిలిచి యుండెను. ఆ ఛత్రము అతని ధర్మపత్ని డాటీ నీడకై వాడు పెద్ద గొడుగు. అది మొక్క పాలైన నాటినుండి ఆ యిల్లాలు నెత్తిన తడి తువ్వాలు వేసుకొని చల్లని టీ త్రాగుచుండెను.

ఎడారిలో కొబ్బరి పెంచువారికొక ఆచారము గలదు. విచ్చని మొవ్వుకును, పక్కనున్న ఆకు మట్టకును కలిపి నల్లసిరాతో ఒకే గీత గీయుదురు. మొవ్వు పెరిగెనా, దాని గీత పైకి జరుగును. మూడు వారములైనను వర్లిన్ గీత వెంట్రుకవాసి జరుగలేదు.

"ఇదిగో, చెప్తున్నా విను," అనెను డాటీ. "ఇవాళ పొద్దుగూకేలోపు గీత కదిలిందా సరి. లేదంటే దాన్ని పీకేసి నా గొడుగు నాకిచ్చెయ్."

ఇంతలో గత శీతకాలముననే మంచుసీమయగు మిన్నెసోటానుండి వచ్చిన పొరుగువాడు ఓర్విల్, చేతులకు తోలు తొడుగులతో, కుండీలో ముళ్లజెముడుతో ప్రవేశించెను.

"ఏరా వర్లిన్, గొయ్యి ఖాళీ అయిందా? దీనికి గొడుగూ అక్కర్లేదు, నువ్వూ అక్కర్లేదు!"

వర్లిన్ దిగ్గున లేచి గర్జించెను: "ఓరీ కంటకవృక్షోపాసకా! ఈ మొవ్వున ప్రాణమున్నంత దనుక, ఈ మేన చెమట యున్నంత దనుక, ఈ గోతిని నీ ముండ్లమొక్క తాకజాలదు!"

"ముందు టోపీ పెట్టుకోవయ్యా, మాడు పగిలిపోతుంది," అనెను డాటీ.

అతని కన్నులు చెమర్చుట చూచి ఓర్విల్ గుండె కరిగెను. "అయ్యో, ఏడవకురా. ఉండు, కాసిని నీళ్లు పోస్తా," అని ఉదయమునుండి ఎండలో పడియున్న నీళ్ల గొట్టమును ఒంటిచేత్తో ఎత్తి మొక్కవైపు గురిపెట్టెను. ఆ గొట్టపు తొలినీళ్లు కుతకుత ఉడుకునని మంచుదేశస్థుడెట్లెరుగును?

"వద్దురా!" అని కేకవైచి, వర్లిన్ గాలిలోకెగసి, ఆ దుర్నివార తప్తజలధారను తన తొడలపై పరిగ్రహించి, "అమ్మో!" అని దిక్కులు పిక్కటిల్ల నరచి మొక్క మొదట బోర్లపడెను. డాటీ పరుగున వచ్చి వంగెను. వంగినచోటనే నిలిచిపోయెను.

"ఏమయ్యా, మొవ్వు మీద ఈ వెలిసిపోయిన గీతలేంటి? నిచ్చెన మెట్లలా?"

"ఎండకి సిరా వెలిసిపోతోంది. రోజూ పొద్దున్నే మళ్లీ గీస్తున్నా."

"ఎక్కడ?"

"మట్ట మీది గీతకి సరిగ్గా పక్కనే."

ఓర్విల్ నోరు తెరచెను. డాటీ నుదురు కొట్టుకొనెను.

"ఓరి నా మొగుడా! అది రోజూ పెరుగుతూనే ఉంది. రోజూ నువ్వే దాని గీతని కిందకి దింపుతున్నావు!"

వర్లిన్ మట్ట మీది గీతనుండి అన్నిటికన్న పైనున్న తొలి గీత వరకు వ్రేలితో కొలిచెను. నిండుగా బొటనవ్రేలి వెడల్పు! కాలిన తొడలను మరచి అతడు గంతులు వేసెను. ఓర్విల్ కుండీ దించి తానును వేసెను. తువ్వాలు మాటున డాటీ పకపక నవ్వెను.

"గొడుగు దానికే ఉండనీలే. నాకు ఎర్రది కొను. తెల్లది చూస్తే మళ్లీ ఏం తెచ్చి నాటుతావో!"

ఇట్లు మేసాపురమున వర్లిన్ మహావీరుడు మూడు వారములు తనతో తానే పోరాడి, ఒక బొటనవ్రేలెడు ఆకాశమును జయించెను. ఈ గాథ విన్నవారి గొట్టమున తొలినీళ్లు చల్లగా వచ్చుగాక!