మెంతికూరకు సెలైన్

జూలూరుపాడు మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు హాతీరాం. ఆ సోమవారం పొద్దున అతను పెట్టుకున్న పని చిన్నదే. ఆఫీసుకు వెళ్లేలోపు మెంతికూరకు సెలైన్ సీసా మార్చాలి.

భార్య పుష్ప టీచరు. ఇరవై రోజుల ట్రైనింగుకని ఖమ్మం వెళ్లింది. ఆమె వచ్చేలోపు మట్టి లేకుండా, నీళ్లతోనే ఆకుకూర పెంచి చూపించాలని హాతీరాం పట్టుదల. పేపర్లో చదివి, థర్మోకోల్ పెట్టెలో కొబ్బరి పీచు నింపి మెంతులు చల్లాడు. ఎరువు కలిపిన నీళ్లు చుక్క చుక్కగా పడడానికి దవాఖానాలో తెలిసిన కాంపౌండరు దగ్గర ఖాళీ సెలైన్ సీసాలు తెచ్చి కిటికీకి వేలాడదీశాడు. మేడ మీద మొక్కలు పెడితే స్లాబు కారుతుందని కింద ఉండే ఇంటి ఓనరు నిర్మలాదేవి ముందే చెప్పింది కాబట్టి, ఆ గదికి తాళం వేసి ఉంచాడు.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న నిర్మలాదేవికి ఆ సీసా కనిపించింది. సంగతేమిటో అడుగుదామని మెట్లెక్కింది. పైన హాతీరాం స్నేహితుడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"నిన్న తల వాల్చేసిందన్నా. సెలైన్ సీసా పెట్టినంక జర లేచింది. ఎండకు తట్టుకుంటలేదు, గదిల పెట్టి తాళమేసిన. పుష్ప వచ్చేలోపు మంచిగైతే సాలు. ఓనరమ్మకు తెల్వకుండ చూస్కుంటున్న."

ఓనరమ్మ అడుగులో అడుగేసుకుంటూ కిందికి దిగిపోయింది. ఎంత కోపమొచ్చినా, లోపలున్నది జబ్బు మనిషి. గిన్నెడు జావ కాచి పైకి పంపింది. భార్య ఊళ్లో లేదని జాలిపడి పంపిందనుకుని హాతీరాం అంతా తాగేసి, గిన్నె తిరిగిచ్చాడు.

"సరిపోయిందా?" అని ఆమె మెల్లగా అడిగింది.

"ఇద్దరికి సరిపోయేంత పంపిన్రు గదమ్మా!"

అతను ఆఫీసు సందు మలుపు తిరిగేలోపే నిర్మలాదేవి పుష్పకు ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ ఇంట్లో ఎవరో ఆడమనిషి ఉందే. సెలైన్ కూడా ఎక్కిస్తున్నాడు."

పుష్ప ఎవరికీ చెప్పకుండా ట్రైనింగు వదిలేసి బయల్దేరింది. దారిలో పుట్టింటి తండాలో ఆగి తండ్రి బద్యానూ అన్న కోటేష్‌నూ జీపెక్కించుకుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన హాతీరాంకు గది ముందు నలుగురు నిలబడి కనిపించారు.

"తాళం తియ్యి," అంది పుష్ప.

"ఓనరమ్మ ముందట వద్దు పుష్పా. ఆమె పోయినంక సూపిస్త."

కోటేష్ చొక్కా చేతులు మడిచాడు. హాతీరాం తాళం తీశాడు.

లోపల కిటికీ కింద పచ్చగా, జానెడెత్తున మెంతికూర. పైనుంచి సెలైన్ చుక్కలు పడుతున్నాయి. బద్యా ఒక మొక్క పీకి వేళ్లు చూశాడు. "మన్ను లేకుండ గింత ఏరు ఎట్ల దిగింది అల్లుడా?"

"మొక్కలు వద్దన్నానా లేదా?" అని నిర్మలాదేవి అందుకుంది గానీ, గొంతులో బలం లేదు.

పుష్ప గడప మీద కూలబడింది. "జీపుల వచ్చినంతసేపు ఏమేం తిట్టాల్నో అన్నీ వరసపెట్టుకున్న. ఇప్పుడు ఎవర్ని తిట్టాలె?" అంటూ ఏడుపూ నవ్వూ కలిపేసింది. తర్వాత లేచి కూర మొత్తం కోసి, పప్పులో వేసి అందరికీ వడ్డించింది. నిర్మలాదేవి రెండోసారి కూడా వేయించుకుంది.

చెప్పకుండా వెళ్లినందుకు మూడో రోజున పుష్పకు మెమో వచ్చింది. అబద్ధం రాయనని ఆమె భీష్మించింది. హాతీరాం బాగా ఆలోచించి జవాబు రాసిపెట్టాడు: "ఇంట సెలైన్ ఎక్కుచున్నదని ఫోన్ వచ్చినందున, హుటాహుటిన బయలుదేరవలసి వచ్చినది."

వారానికి ఉత్తర్వు అందింది. సెలవు మంజూరు చేశారు. పేషెంటు పూర్తిగా కోలుకున్నట్టు డాక్టరు సర్టిఫికెట్ మాత్రం జతపరచమన్నారు.