వెనకకు పోయిన రేడియేటరు

ఆనాటి ఏర్పాటు చాలా చిన్నది. తెల్లవారుతూనే ఆసిఫాబాదులో లారీ ఎక్కాలి, పొద్దు నెత్తికెక్కక ముందే లక్సెట్టిపేట చేరాలి, పిల్ల తండ్రి సిద్దిరాములు ఇంట్లో మాట ఖాయం చేసుకోవాలి, దీపాల వేళకు తిరిగి రావాలి. ఇంత చిన్న ఏర్పాటులో చెడిపోయేది ఏముంటుందని ఎవరైనా అనవచ్చు. చంద్రవ్వ మాత్రం అనలేదు. ముందు రోజే పసుపు ముద్ద, కట్టు కట్టే పేలికలు, కొబ్బరినూనె సీసా మూటగట్టి పెట్టుకున్నది.

“పిల్ల నడగ పోతున్నమా, లడాయికి పోతున్నమా?” అన్నాడు భర్త లింగమూర్తి.

“లడాయి అయితె ఎవడు కొడుతడో ఎరికుంటది. గా లారీ ఎప్పుడు ఏం జేస్తదో ఎవలికెరుక?”

ఆ లారీ యుద్ధం నాటి మిలిటరీ లారీ. హర్రాజు పాటలో కొని, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు కైలాసం అడవి నుంచి కాగజ్‌నగర్‌కు వెదురు తోలుతున్నాడు. అయితే హనుమండ్లు అనే వేరే లారీ డ్రైవరు కాగే రేడియేటరు మూత విప్పి ముఖం కాల్చుకున్నాడు. ఆ ముఖాన్ని చూసి వచ్చిన నాటి నుంచి చంద్రవ్వకు ముద్ద దిగలేదు. తన కొడుకు ముఖానికి ఎదురుగానే అంత పెద్ద నీళ్ళ కాగు మరుగుతూ ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

“దాన్ని తీసి ఎనుకకు పెట్టియ్యి బిడ్డా. లేదంటె లారీనన్న ఇడువు, నన్నన్న ఇడువు.”

కైలాసం నవ్వాడు గాని, అతనికీ ఒక బాధ ఉంది. అడవి దారిలో నరికిన వెదురు మొదళ్ళు పొడుచుకొని రేడియేటరు మాటిమాటికీ చిల్లులు పడుతున్నది. చివరకు మిస్త్రీ సాయిబు దాన్ని ముందు నుంచి ఊడబీకి, క్యాబిన్ వెనక, సరుకు నింపే బాడీలో నిలబెట్టాడు. ఇంజను నుంచి దానికి పొడుగాటి గొట్టాలు వేశాడు. వెనక గాలి తగలదు కనుక, క్యాబిన్ మీద రేకుతో ఒక పెద్ద నోరు చేసి పెట్టాడు. లారీ ఉరికినప్పుడు గాలి ఆ నోట్లో దూరి రేడియేటరును చల్లబరచాలి. వెదురు మోసినన్ని రోజులూ అంతా బాగానే నడిచింది, ఎందుకంటే వెదురుకు చలి పెట్టదు.

ఇక సంబంధం సంగతి. స్టీరింగు పట్టినవానికి పిల్లనియ్యం పొమ్మని ఇప్పటికే ఇద్దరు తిప్పి పంపారు. సిద్దిరాములు మగ్గం మీద బతికే మనిషి. ఆయన చెల్లెలి మొగుడు ఒక డ్రైవరు. తాగి, లారీతో సహా వాగులో దిగి, ఇప్పటికీ కుంటుతున్నాడు. అందుకే ఆయన ఒకటే మాట అన్నాడు: “కల్లు లేంది మాట ఖాయం గాదు. కుండలు తెండ్రి, పెద్దమనుషులు తాగుతరు. పిలగాని దగ్గర మాత్రం వాసనొచ్చిందా, పీటల మీదికెల్లి లేపుత.”

కైలాసం జన్మలో కల్లు ముట్టలేదు. అయినా చంద్రవ్వ భయపడింది. ముట్టనివానికి వాసన అంటదని ఎవరు చెప్పగలరు?

మాఘమాసపు చలి. కైలాసం ముందు ఒక్కడే కూర్చున్నాడు. వెనక బాడీలో గడ్డి పరచి, చంద్రవ్వ, లింగమూర్తి, ఆమె అన్న అంజన్న, ఇంకా నలుగురు చుట్టాలు కూర్చున్నారు. మధ్యలో, మూతులకు బట్ట కట్టిన కల్లు కుండలు. దారిలో అన్న చెయ్యి వాటి మీద పడుతుందని చంద్రవ్వ కుండలను ఆనుకొనే కూర్చున్నది.

లారీ కదలగానే ఆ రేకు నోట్లోంచి చలిగాలి రయ్యిమని వచ్చి అందరి ముఖాలనూ కొట్టింది. అంజన్న దగ్గాడు. ఒక్క దగ్గు చాలు చంద్రవ్వకు. అది నిమ్ము అయి, జ్వరమై, ఖాయం నాడే మేనమామ పడిపోయి, పెండ్లి ఆగిపోయినట్టు ఆమె కళ్ళకు కట్టింది.

“ఆ బొక్కల ఏమన్న కుక్కుండ్రి!” అని, తన భుజం మీది గొంగడి తీసి తానే లేచి నోరు నిండా కుక్కింది.

గాలి ఆగింది. కొంతదూరం పోయేసరికి రేడియేటరు వెచ్చబడింది. అందరూ దాని చుట్టూ చేరారు. లింగమూర్తి అరచేతులు కాచుకుంటూ, “కుంపటి లెక్క మంచిగున్నది. నీ బుద్ధి ఎన్నడన్న ఒక్కనాడు పనికొస్తదే” అన్నాడు. పెండ్లయిన తరువాత ఆయన ఆమెను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు ఎంతోసేపు నిలవలేదు.

మొదట గుర్రుమన్నది. తరువాత లోపల ఎవరో తలుపు బాదినట్టు చప్పుడు. ఆ పైన బుస్సుమని పొగ. “పేలుతున్నదిరో!” అని చంద్రవ్వ అరిచిన అరుపుకు దారి పక్కన మేస్తున్న పశువులు కూడా ఉరికాయి. కైలాసం లారీ ఆపి వచ్చాడు. దూరంగా నిలబడి, గోనె కప్పి, కట్టెతో మూత తిప్పాడు. పొగంతా పోయాక చూస్తే అడుగున ఇన్ని నీళ్ళు తప్ప ఏమీ లేవు.

“గిట్ల ఎన్నడు కాలే,” అని తల గోక్కున్నాడు. “వాగుకు పోయి నీళ్ళు తెస్త. ఎవలు దేన్నీ ముట్టకుండ్రి.”

బకెట్టు పట్టుకొని చెట్లలోకి పోయాడు. రేడియేటరు మాత్రం నోరు తెరుచుకొని గుటక గుటకమంటూనే ఉన్నది.

“ఏమయ్యా, పోరడు ఇంక రాలే,” అన్నది చంద్రవ్వ భర్తతో.

“ఇప్పుడే గదనే పోయింది!”

“పులి ఉంటదంటరు గదనయ్య గీ అడివిల... వాడు నీళ్ళు దెచ్చేదాక ఇది ఉంటదా? ఎండిన ఇంజను పలుగుతదని హనుమండ్లే జెప్పిండు. పలిగితె పిల్లోళ్ళింటికి ఎట్ల పోతం? మాట తప్పితె మూడో సంబంధం గుడ పాయె!” అంటూ ఆమె కల్లు కుండ మూతి బట్ట విప్పింది.

అంజన్న గుండె ఆగినంత పనైంది. “చంద్రవ్వా! అది ఖాయం కల్లు!”

“లారీ కదలక ఖాయం ఎక్కడ జేస్తవే అన్నా, ఈ అడివిలనా? పట్టు, అటు దిక్కు పట్టు.”

అంజన్న పట్టాడు. కన్నకూతురును అత్తగారింటికి పంపేటప్పుడు కూడా ఆయన ముఖం అట్లా లేదు. ఒక్కొక్క కుండ ఒంచుతుంటే రేడియేటరు గటగటా తాగింది. ఖాళీ కుండలకు మళ్ళీ బట్టలు కట్టి, ఎప్పటిలా నిలబెట్టారు.

కైలాసం బకెట్టుతో వచ్చి లోపలికి తొంగి చూశాడు. “నిండినట్టే ఉన్నదేంది?”

“చల్లారితె పొంగి పైకొచ్చింది బిడ్డా. నడువు, పొద్దెక్కుతుంది,” అన్నది చంద్రవ్వ, కొడుకు ముఖం చూడకుండా.

కల్లు కుండలున్న బండిలో కల్లు వాసన రావడం వింతేమీ కాదు. కైలాసం మూత బిగించి స్టీరింగు దగ్గరికి పోయాడు. అతను వాగు నుంచి మోసుకొచ్చిన నీళ్ళతో అందరూ ముఖాలు కడుక్కున్నారు.

లక్సెట్టిపేటలో సిద్దిరాములు వాకిట చాపలు పరిచి, పెద్దమనుషులతో నిలబడి ఎదురుచూస్తున్నాడు. లారీ వచ్చి ఆగింది. ఆగి, వణికింది. అప్పుడు మూత ఎగిరిపోయి, ఆకాశానికి తెల్లటి నురుగు లేచింది. వెనకవాళ్ళు గోడ దూకినట్టు కిందికి దూకారు. ఆ నురుగు క్యాబిన్ పైనుంచి జారి, కొత్త చొక్కాతో కిందికి దిగుతున్న కైలాసం నెత్తి మీద గోరువెచ్చగా పడింది.

“నా కొడుకు ముఖం పాయెనే!” అని చంద్రవ్వ మూట విప్పి, అతను వద్దు వద్దంటున్నా ముఖానికంతా పసుపు మెత్తింది. సిద్దిరాములు తన కాబోయే అల్లుణ్ణి దగ్గరి నుంచి చూడడం అదే మొదటిసారి. తల మీద తెల్లటి నురుగు, ముఖం నిండా పసుపు, ఒళ్ళంతా కల్లు వాసన.

పెద్దమనుషులు సిద్దిరాములు దిక్కు చూశారు.

“చెల్లె,” అన్నాడు సిద్దిరాములు మెల్లగా, “నేనేం జెప్పిన?”

“అన్నా, వాడు తాగలే...” చంద్రవ్వకు ఏడుపొచ్చింది. “లారీ తాగిందే!”

ఎవరూ నవ్వలేదు. సిద్దిరాములు పోయి కైలాసం ముందు నిలబడి, “నోరు తెరువు” అన్నాడు. వాసన చూశాడు. అనుమానంగా తల ఊపి, అంజన్నను నోరు తెరవమన్నాడు. తరువాత లింగమూర్తిది, తరువాత చుట్టాలది. కుండలు ఒక్కొక్కటే లేపి చూశాడు. అన్నీ ఖాళీ. అన్ని కుండలు ఖాళీ అయినా ఒక్కని నోట్లోనూ వాసన లేదు.

అప్పుడే పిల్ల, సక్కుబాయి, బకెట్టు నీళ్ళతో గడపలో నిలబడింది. “బాపూ, ఇవి కాళ్ళకియ్యాల్నా, లారీకియ్యాల్నా?”

ముందు కైలాసమే నవ్వాడు, పసుపు రాలేటట్టు. సిద్దిరాములు కూడా ఆపుకోలేకపోయాడు. “గింతమంది మొగోళ్ళు ఎండిన నోళ్ళతోని ఖాయానికి వచ్చుడు నా పుట్టువల సూడలే. పిల్లనిస్తున్న!”

“ఇస్తె ఇయ్యి,” అన్నాడు పెద్దమనుషులలో ముసలాయన, “మరి సాక ఎట్ల? నేల మీద కల్లు సుక్క పడందే మాట కట్టుబడది.”

అందరూ లారీ వైపు చూశారు. కైలాసం రేడియేటరు అడుగున ఉన్న నల్లా తిప్పి చెంబు పట్టాడు. తుప్పు రంగులో, ఆవిరి కక్కుతూ ఇంత కల్లు వచ్చింది. ముసలాయన చెంబు ఒంచి నేల మీద సాక పోశాడు. మిగిలింది అంజన్న అడిగాడు గాని, ఎవరూ ఇవ్వలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు కైలాసం రేకు నోట్లోంచి గొంగడి లాగి, తల్లి ముఖం చూశాడు.

“చలి పెడుతుండె బిడ్డా,” అన్నది చంద్రవ్వ. “ఒక్క మాట ఇను. గీ నీళ్ళ కాగును మల్ల ముంగటికే పెట్టియ్యి.”

“ముంగట నేనుంట గదనే అవ్వా!”

“ఇగ నీ పక్కకు కోడలు గుడ కూసుంటది గద...” చంద్రవ్వ ఆలోచనలో పడింది. “అయితె ఎక్కడ పెట్టిస్తవో నువ్వే సూడు. లారీల మాత్రం వద్దు.”

ఆ రోజు ఖాయానికి వెళ్ళిన వాళ్ళలో, దారి పొడుగునా తూలుతూ ఇల్లు చేరింది లారీ ఒక్కటే.