మ్యాపుకు రెండు కొసలు

స్త్రీ గౌరవ పరిరక్షణ శాఖ మంత్రిగారు పత్రికలవాళ్లను పిలిచి ఒక శుభవార్త చెప్పారు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఆడ ఉద్యోగులను పైఅధికారులు వేధించడమనే దురాచారాన్ని సమూలంగా నిర్మూలించేశామనీ, ఎక్కడెక్కడ నిర్మూలించామో లెక్క తేలడమే ఇక మిగిలిందనీ ప్రకటించారు. ఏడాది పొడుగునా ఒక్క ఫిర్యాదు కూడా రాని ఆఫీసుకు 'నిష్కళంక షీల్డు' ఇస్తారట.

"మరి ఫిర్యాదు వస్తేనండీ?" అన్నాడొక విలేకరి.

"వస్తే షీల్డు రాదు. అంతకంటే కఠిన చర్య ఏముంటుందయ్యా?" అన్నారు మంత్రిగారు. మర్నాడు పత్రికలన్నీ ఆ కాఠిన్యాన్ని మెచ్చుకున్నాయి.

ఆ వార్త చదివి అందరికంటే ఎక్కువ పొంగిపోయినవారు మ్యాపుల శాఖ డైరెక్టరుగారు. ఆడ ఉద్యోగులంటే ఆయనకు మొదటినుంచీ వల్లమాలిన అభిమానం. "ఇది ఆఫీసు కాదు, కుటుంబం. నేను తండ్రిలాంటివాణ్ణి" అని రోజుకు మూడుసార్లయినా అనేవారు. ఆ మాట వినపడగానే ట్రేసింగు సెక్షనులోని పదకొండుమంది ఆడవాళ్లూ తలలు మరింత వంచుకుని గీతలు గీసేవారు.

మ్యాపులు దిద్దడమంటే డైరెక్టరుగారికి ప్రాణం. ఊరికే దిద్దేవారు కాదు. మ్యాపు తెచ్చిన అమ్మాయి చేతిలోనే పెన్సిలు ఉంచి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుని దిద్దేవారు. ఇంత శ్రద్ధ వల్ల చిన్న పిల్లకాలువ దిద్దడానికి కూడా ఇరవై నిమిషాలు పట్టేది. తలుపు దానంతటదే మూసుకునేది. స్ప్రింగు కొత్తది.

ఆ సెక్షనుకు పెద్ద, సూపరింటెండెంటమ్మ. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. ఆవిడ నోరు పెట్టుకుని గెలిచే రకం కాదు, రూలు పెట్టి గెలిచే రకం. ఏడేళ్ల కిందట, ఇద్దరు అమ్మాయిలు ఒకే నెలలో ఉద్యోగం మానేశాక, రెండే రెండు వాక్యాల ఉత్తర్వు ఒకటి తయారుచేసింది. 'మ్యాపులకు మడతలు పడకుండా ఉండేందుకు, డైరెక్టరుగారి గదిలోకి వెళ్లే ప్రతి మ్యాపునూ ఇద్దరు ఉద్యోగులు చెరో కొసా పట్టుకుని తీసుకువెళ్లవలెను. పని పూర్తయి బయటికి వచ్చేదాకా ఎవరి కొస వారు వదలరాదు.' దాని మీద డైరెక్టరుగారే సంతకం చేశారు. చదవకుండా సంతకం చేయడం ఆయనకున్న మంచి అలవాట్లలో ఒకటి.

అప్పట్నుంచి ఆ ఆఫీసు వరండాలో గోడంత మ్యాపునైనా ఇద్దరే, అరచేతంత మ్యాపునైనా ఇద్దరే. చెరో కొసా పట్టుకుని, నిండు బిందె మోస్తున్నంత భద్రంగా నడిచేవారు. మొదట్లో మగవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తర్వాత అలవాటుపడ్డారు. ఎందుకని మాత్రం ఒక్కరూ అడగలేదు, ఎందుకంటే అందరికీ తెలుసు.

షీల్డు గడువు ఇంకో తొమ్మిది రోజులుందనగా కొత్త ట్రేసరు జోడీకి జ్వరం వచ్చింది. కొత్త ట్రేసరంటే చేరి నాలుగు నెలలైన పిల్ల. ప్రొబేషను ఇంకా పూర్తికాలేదు. బెల్లు మోగింది. భోజనాల వేళ కావడంతో తోడు వెళ్లడానికి సీట్లో ఎవరూ లేరు. మ్యాపు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస వేలాడుతుండగా లోపలికి వెళ్లింది. పద్నాలుగు నిమిషాలకు బయటికి వచ్చింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. తర్వాత సీట్లో కూర్చుని ఒకటిన్నర పేజీ రాసి, తెచ్చి సూపరింటెండెంటమ్మ టేబులు మీద పెట్టింది.

"మేడం, దీనికి నంబరు వెయ్యండి."

సూపరింటెండెంటమ్మ చదివింది. అన్నీ తనకు తెలిసిన సంగతులే, కాకపోతే కాగితం మీద చూడడం ఇదే మొదలు. కోపం వచ్చింది. కోపం కంటే ముందు భయం వచ్చింది, అందుకు సిగ్గు కూడా వేసింది.

"చూడమ్మాయ్, రేపట్నుంచి నీకు ఇద్దరు జోడీల్ని వేస్తా. ఒకళ్లకి జ్వరమొస్తే ఇంకొకళ్లుంటారు."

"జోడీ వద్దు మేడం. నంబరు కావాలి."

"నీ ప్రొబేషను కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలో తెలుసా?"

"తెలుసండీ."

"తెలిసే రాశావా?"

"ఏం రాశానో చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు మేడం."

ఫిర్యాదులు విచారించడానికి ఆఫీసులో కమిటీ ఉండనే ఉంది. రూలు ప్రకారం అందరికంటే సీనియరే దానికి అధ్యక్షుడు. అంటే డైరెక్టరుగారు. హెడ్ గుమాస్తా, ఉద్యోగుల సంఘం నాయకుడు సభ్యులు. కాగితాలు చూసేది సూపరింటెండెంటమ్మ. ఫిర్యాదుకు నంబరు పడకుండానే కమిటీ సమావేశమైంది. అధ్యక్షులవారు ఫిర్యాదు మొత్తం పైకి చదివారు. చదువుతూ చదువుతూ గొంతు గద్గదం చేసుకున్నారు.

"ఛ, ఎంత దారుణం! ఇలాంటి వాణ్ణి ఉపేక్షించకూడదు. ఎవరా అధికారి?"

"తమరేనండి" అంది సూపరింటెండెంటమ్మ.

అధ్యక్షులవారు చలించలేదు. న్యాయం న్యాయమే కదా! లేచి వెళ్లి టేబులుకు అవతలి పక్క కుర్చీలో కూర్చుని, నిందితుడి హోదాలో పది నిమిషాలు సంజాయిషీ ఇచ్చుకున్నారు. మళ్లీ ఇవతలి కుర్చీలోకి వచ్చి, ఆ సంజాయిషీ సంతృప్తికరంగా ఉందని అధ్యక్షుడి హోదాలో అభిప్రాయపడ్డారు. మధ్యలో ఒకసారి తన్ను తాను గట్టిగా మందలించుకున్నారు కూడా.

హెడ్ గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లుగా నా మ్యాపులూ దిద్దుతున్నారండీ సారు. ఒక్కసారంటే ఒక్కసారి నా చెయ్యి పట్టుకోలేదు. అది ఆ అమ్మాయి అదృష్టం. గుర్తించలేకపోతోంది, పాపం."

సంఘం నాయకుడు టేబులు మీద గుద్దాడు. "ఉద్యోగుల హక్కుల విషయంలో మా సంఘం రాజీపడే ప్రసక్తే లేదు! అయితే షీల్డు కూడా ఉద్యోగుల హక్కే. ముందు అది రానివ్వండి. వచ్చిన మర్నాడే పోరాటం మొదలు."

ఆఖరికి కమిటీ ఏకగ్రీవంగా తేల్చిందేమిటంటే, తప్పు జరిగిన మాట వాస్తవం. మ్యాపును ఇద్దరు తీసుకువెళ్లాలని రూలుంది. కొత్త ట్రేసరు ఒంటరిగా వెళ్లింది. కాబట్టి మ్యాపును ఒకే కొస పట్టుకుని తీసుకువెళ్లి మడత కలిగించినందుకు ఆమె మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో చెప్పాలని మెమో ఇవ్వాలి. రూలు పెట్టిన మనిషే మెమో మీద సంతకం చేస్తే బాగుంటుందన్నారు అధ్యక్షులవారు.

సూపరింటెండెంటమ్మ చేసింది.

కొత్త ట్రేసరు మెమో చదువుకుంది. "మేడం, ఈ రూలు మమ్మల్ని కాపాడ్డానికి పెట్టారని చెప్పారు అక్కలు."

"అవునమ్మా."

"ఇప్పుడెవర్ని కాపాడుతోందండీ?"

ఫిర్యాదు నంబరు లేకుండా సూపరింటెండెంటమ్మ సొరుగులోనే ఉంది. పక్కనే, ఒక్క అక్షరం పడని ఫిర్యాదుల రిజిస్టరు పెళపెళలాడుతూ ఉంది.

షీల్డు కోసం తనిఖీ అధికారి వచ్చాడు. వరండాలో ఇద్దరు ఆడవాళ్లు బస్సు టికెట్టంత మ్యాపును చెరో కొసా పట్టుకుని ఎదురయ్యేసరికి నివ్వెరపోయాడు.

"ఎందుకమ్మా, ఇంత చిన్నదానికి ఇద్దరు?"

సూపరింటెండెంటమ్మ సెక్షను గుమ్మంలోకి వచ్చింది. కొత్త ట్రేసరు పెన్ను ఆపింది. ఒక్క మాట చెబితే చాలు. చెప్పాలనే సూపరింటెండెంటమ్మ నోరు తెరిచింది. తనిఖీ అధికారి భుజం పక్కనుంచి డైరెక్టరుగారు తండ్రిలా చిరునవ్వు నవ్వుతున్నారు.

"మడతలు పడకుండానండీ" అంది.

కొత్త ట్రేసరు తల వంచుకుని మళ్లీ గీత మొదలుపెట్టింది. ఆ వంచిన తల చూస్తుంటే సూపరింటెండెంటమ్మకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

షీల్డు వచ్చింది. మంత్రిగారు స్వయంగా అందజేస్తూ, చిన్న మ్యాపుకు సైతం ఇద్దరు చేతులు కలపడం తన హృదయాన్ని కదిలించిందన్నారు. ఈ ఆలోచన తనకు ఒకనాటి తెల్లవారుజామున ధ్యానంలో తట్టిందని డైరెక్టరుగారు వినయంగా చెప్పారు. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. ఇకనుంచి అరవై రెండు ఆఫీసుల్లోనూ పైఅధికారి గదిలోకి వెళ్లే ప్రతి కాగితాన్నీ ఇద్దరు చెరో కొసా పట్టుకుని తీసుకువెళ్లాలి. సందేహాలుంటే మ్యాపుల శాఖ సూపరింటెండెంటును సంప్రదించాలి.

మర్నాడు పది గంటలకు ఫోను మోగింది. అడవుల శాఖ.

"షీల్డు వచ్చిందట, చాలా సంతోషం అక్కయ్యగారూ. మా సారు గది బాగా పొడుగండీ. ఇద్దరు సరిపోతారా, ముగ్గుర్ని పెట్టుకోవచ్చా?"

పెట్టీ పెట్టగానే రెండోది. "మా సారు ఒకళ్లని మంచినీళ్లు తెమ్మని బయటికి పంపేస్తారండీ. అప్పుడా కొస ఎవరు పట్టుకోవాలి?"

మూడోది. "కొస వదిలెయ్యమని సారే అంటే ఏ రూలు చూపించాలండీ? కాస్త నంబరు చెబుదురూ."

పదకొండు ఫోన్లు వచ్చాయి. మడతల గురించి ఒక్కరూ అడగలేదు. ఈ రూలు ఎందుకని అసలే అడగలేదు.

సూపరింటెండెంటమ్మ సొరుగు లాగి ఫిర్యాదు కాగితం, రిజిస్టరు బయటికి తీసింది.

"అమ్మాయ్, ఇట్రా. నీ చేత్తోనే వెయ్యి. ఒకటో నంబరు."

కొత్త ట్రేసరు ఆవిడ ముఖంలోకి చూసింది. నంబరు వేసింది.

"ఇప్పుడు ఫోను నువ్వెత్తు. జవాబు చెప్పే ముందు ఏ ఆఫీసో అడుగు, ఏ సారో అడుగు. చెప్పినవాళ్లకల్లా నంబరు వేసుకుంటూ పో."

కొందరు ఠక్కున పెట్టేశారు. కొందరు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆగకుండా మాట్లాడారు. హెడ్ గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఈ పని! షీల్డు వెనక్కి తీసుకుపోతారు!"

"పోనివ్వండి. చెరో కొసా పట్టుకుని తీసుకుపోతారు లెండి" అంది సూపరింటెండెంటమ్మ.

నాలుగు గంటలకు నలభై మూడో నంబరు పడింది. మళ్లీ ఫోను. ఎత్తిన కొత్త ట్రేసరు లేచి నిలబడింది. "మేడం, స్త్రీ గౌరవ పరిరక్షణ మంత్రిగారి పేషీ అట."

హెడ్ గుమాస్తా చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "చెప్పానా! అయిపోయింది. అంతా అయిపోయింది" అంటూ గోడకు ఆనుకున్నాడు.

సూపరింటెండెంటమ్మ రిసీవరు అందుకుంది. అవతల ఒక ఆడపిల్ల గొంతు. పక్కవాళ్లకు వినపడకూడదన్నట్టు మెల్లిగా ఉంది.

"అమ్మా, మా దగ్గర పెద్ద కాగితాలుండవండీ. అన్నీ చిన్న చిన్న చీటీలే. ఇద్దరం పట్టుకెళ్తే మంత్రిగారికి అనుమానం వస్తుందంటారా?"