క్లోజెట్‌లో ప్రార్థన

శనివారం పొద్దున నిఖిల వేసిన ప్లాను చాలా తేలికైనది. ఇంటి ఓనరు పంపే ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం వచ్చి పొగ అలారాలు చూసి వెళ్తాడు. ఈలోగా మధుమిత, ఫేబీ ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లి లైబ్రరీలో కూర్చుంటారు. అతను వెళ్లాక ఫోన్ చేస్తే తిరిగొస్తారు.

కెనడాలోని హాలిఫాక్స్‌లో వాళ్లుండే బేస్‌మెంటు లీజులో నిఖిల పేరొక్కటే ఉంది. ఓనరుకి తెలియకుండా ఉంటున్నది ముగ్గురు. కాలేజీలో సీటు దొరికినంత సులువుగా ఊళ్లో గది దొరకదని ముగ్గురికీ విమానం దిగాకే తెలిసింది. ఫేబీ ఉన్న ఇల్లు అమ్ముడుపోయినప్పుడు, ఇంటివాళ్లు మధుమిత గదికి కొత్త తాళం వేసేసినప్పుడు, "దొరికేదాకా ఇక్కడుండుర్రి" అంది హనుమకొండ నిఖిల. ఆ తర్వాత ఎవరికీ ఏమీ దొరకలేదు.

మధుమిత, ఫేబీ ఇంకా ఉప్మా తింటుండగానే తలుపు చప్పుడైంది. నిఖిల కిటికీలోంచి చూసింది. ఇస్త్రీ కోటు వేసుకున్న ఒక పెద్దావిడ. చంకలో ఫైలు, చేతిలో కొలిచే టేపు.

"ఇన్‌స్పెక్టరు ముందే వచ్చిందే!" అంది నిఖిల.

ఫేబీ కోట్లు తగిలించే క్లోజెట్‌లో దూరింది. మధుమిత బాత్రూంలో షవర్ కర్టెన్ వెనక నిలబడింది. నిఖిల మూడు పరుపులూ ఒకే మంచం మీద పేర్చి తలుపు తీసింది.

"నా పేరు ఐలీన్. చూడటానికి వచ్చాను. తొందరగా వచ్చానేమో, ఏమీ అనుకోకండి," అందావిడ.

"రండి మేడమ్. నేనొక్కదాన్నే ఉంటా," అంది నిఖిల, ఎవరూ అడగకుండానే.

ఐలీన్ గుమ్మం దగ్గర బూట్ల వైపు చూసింది. "మూడు జతలా?"

"ఇక్కడి వాతావరణం తెలుసు కదా మేడమ్. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటది."

"నిజమే, నిజమే," అందావిడ. ఛాతీ ఎత్తున ఉన్న మంచాన్ని చూసి ఆగింది.

"నడుము నొప్పి. మెత్తగా ఉండాలన్నాడు డాక్టరు."

"మంచి ఆలోచన!" అంది ఐలీన్. చెప్పిందల్లా ఒప్పుకుంటున్న అధికారిని చూస్తే నిఖిలకి ఇంకా భయం వేసింది. ఆవిడ గోడ పొడవు కొలిచింది, హీటరు మీద చెయ్యి పెట్టి చూసింది. నిఖిల వద్దనేలోపే క్లోజెట్ తలుపు లాగింది.

కోట్ల మధ్య ఫేబీ మోకాళ్ల మీద ఉంది. కళ్లు గట్టిగా మూసుకుంది, చేతులు జోడించింది.

"మా ఫ్రెండ్. వాళ్ల నాన్నగారు పాలకొల్లులో పాస్టరు. తలుపేసుకుని ప్రార్థన చేసుకుంటది," అంది నిఖిల ఒక్క గుక్కలో.

ఐలీన్ టోపీ తీసి తల వంచింది. "నా కోసం కూడా ప్రార్థించవా అమ్మా?"

తప్పేదేముంది? ఫేబీ తెలుగులో గొంతెత్తింది. "ప్రభువా, బాత్రూంలో ఉన్న మా మధుమిత కదలకుండా కాపాడు. ఈవిణ్ణి తొందరగా సాగనంపే తెలివి మా నిఖిలకివ్వు. ఆమెన్."

"ఆమెన్," అంది ఐలీన్. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. "నా కోసం ఎవరైనా ప్రార్థన చేసి ఎన్నాళ్లయిందో."

ఆ మాట విని ఫేబీకి తల ఎత్తబుద్ధి కాలేదు. సరిగ్గా అప్పుడే బాత్రూంలో కర్టెన్ రాడ్డు ఊడిపడింది. దాంతోపాటు మధుమితా పడింది.

ఆ చప్పుడుకి పై అంతస్తులో అద్దెకుండే నర్సు స్వర్ణకుమారి ఆంటీ మెట్లు దిగి వచ్చింది. "ఏంటమ్మా ఆ గోల? అయ్యో, మీరు ఐలీన్ గారు కదూ! మీరిక్కడున్నారా? ఫోన్‌లో పై తలుపుకి కదా రమ్మన్నాను!" అని అమ్మాయిల వైపు తిరిగింది. "ఈవిడ మా ఖాళీ గది చూసుకోడానికొచ్చారే."

మోచెయ్యి రుద్దుకుంటూ మధుమిత బయటికొచ్చింది.

"అయితే ఈ అమ్మాయి ఇల్లిచ్చే మనిషి కాదా?" అంది ఐలీన్ నీరసంగా. "నేను నచ్చకపోతే గది ఇవ్వదేమోనని ఏమన్నా ఔనంటూ వచ్చాను. కుట్టు మిషను పడుతుందా అని కొలుచుకున్నాను." ఆంటీ వైపు తిరిగింది. "మీకూ ఒక అబద్ధం చెప్పాను. పిల్లి లేదన్నాను కదా. కారులో ఉంది."

ఆవిడుండే భవనాన్ని కొన్నవాళ్లు మరమ్మతులంటూ అందర్నీ ఖాళీ చేయించారట. ప్రభుత్వ ఇళ్ల కోసం ఎప్పుడో అప్లై చేసింది. "నా పేరు వెయిటింగ్ లిస్టులో భద్రంగా ఉంది. నన్నే ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు," అని నవ్వబోయి ఆగిపోయింది.

ఫేబీ ఉండబట్టలేక తన ప్రార్థనకు అర్థం చెప్పేసింది. ఐలీన్ ముందు తెల్లబోయింది. తర్వాత పక్కనున్న కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది.

"పిల్లిని తెచ్చుకోండి. చలిలో ఎంతసేపని ఉంటుంది?" అంది ఆంటీ. "నాకు తుమ్ములొస్తాయి. వస్తే మాత్ర వేసుకుంటాను."

మధుమిత టీ పెట్టింది. అందరూ తాగుతుండగా మళ్లీ తలుపు చప్పుడైంది. ఈసారి అసలు ఇన్‌స్పెక్టరు, చేతిలో నిచ్చెనతో. లోపల ఐదుగురు ఆడవాళ్లు, ఒక పిల్లి.

"ఇక్కడ ఎంతమంది ఉంటారు?" అని అడిగాడు.

నిఖిల దగ్గర అబద్ధాలు అయిపోయాయి. "ముగ్గురం," అంది.

అతను పరుపుల వైపు చూశాడు. నిచ్చెనెక్కి పాత అలారం విప్పి కొత్తది బిగించాడు, బొత్తాము నొక్కి మోగించాడు. పిల్లి వెళ్లి మంచం కింద దూరింది.

"ముగ్గురుంటే పడగ్గదిలో కూడా ఒకటి కావాలి," అని అక్కడా బిగించి కిందికి దిగాడు. "ఓనరు నన్ను అలారాల గురించే రాయమన్నాడు. మనుషుల గురించి కాదు."

నిఖిల ఊపిరి పీల్చుకుంది. అతను నిచ్చెన భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ నిలబడిపోయి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ నెలాఖరుకి నా లీజు అయిపోతోంది. మీకు తెలిసినచోట ఎక్కడైనా గది ఉందా?"